అచ్చం అదే వాచీ

లెడ్‌విల్, కొలరాడో
అక్టోబరు, మొదటి మంచు పడ్డ వారం

ప్రియమైన ఆర్వో,

నీ మోకాలు ఎలా ఉందో, సరస్సు మీద గాలులు మొదలయ్యాయో లేదో తర్వాత అడుగుతాను. ముందు నా కడుపుమంట విను. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. వినపడేలా అరిస్తే పక్కగదిలో మీ బావ ఎలోయ్‌కి వినపడుతుంది. అందుకని రాస్తున్నాను.

రిటైరై స్కూలు బస్సు తాళాలు అప్పగించిన రోజున తోటి డ్రైవర్లంతా కలిసి నాకొక స్మార్ట్ వాచీ కొనిచ్చారు, గుర్తుందిగా? దాని బ్యాటరీ ముసలిదైపోయింది. నిండా చార్జి పెట్టినా పూట గడవకముందే ప్రాణం విడిచేది. సరే, మార్పించుకుందామని కనుమ దాటి డెన్వర్‌లో ఆ కంపెనీ దుకాణానికి వెళ్లాను. లోపలంతా ఆపరేషన్ గదిలా తెల్లగా ఉంది. ఒకే రంగు చొక్కాలు వేసుకున్న పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నవ్వుతూ తిరుగుతున్నారు. బ్రిన్లీ అనే అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

"బ్యాటరీ ఒక్కటీ మార్చం మేడమ్. బ్యాటరీ ఖరీదు కడితే మీ పాతది మేం ఉంచుకుని, అచ్చం అలాంటిదే ఇంకోటి ఇస్తాం" అంది.

"అచ్చం ఇదేనా?"

"అచ్చం ఇదే. ఇదే మోడల్, ఇదే సైజు, ఇదే రంగు."

"ఇందులో ఉన్నవన్నీ అందులో ఉంటాయా?"

"ఒక్క ఫోటో కూడా పోదు మేడమ్."

నేనడిగింది ఫోటోల సంగతి కాదు. ఆ సంగతి నాకు ఇంటికొచ్చాక, మర్నాడు పొద్దున ఫోన్ తెరిచాక తట్టింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే పేజీ ఖాళీగా ఉంది. రాత్రంతా గంటగంటకీ చుక్కలు పడాల్సిన చోట ఒక్క చుక్క లేదు. వాచీలో దాని గుర్తు నొక్కితే 'ఈ సౌకర్యం ఇప్పుడు అందుబాటులో లేదు' అని చూపించింది.

కంపెనీకి ఫోన్ చేశాను. పాటలు వినిపించి వినిపించి చివరికి డెరిక్ అనేవాడు పలికాడు. ఆక్సిజన్ కొలిచే పద్ధతి తమదని ఇంకో కంపెనీ కేసు వేసిందట. ఈ వాచీ కంపెనీ ఓడిందట. ఆ తీర్పు రోజు తర్వాత చేతికి వచ్చే వాచీల్లో ఆ సౌకర్యం ఆపేశారట.

"నేను కొన్నది అంతకుముందు కదయ్యా" అన్నాను.

"మీ పాత వాచీ అంతకుముందుది మేడమ్. ఇప్పుడు మీ దగ్గరున్నది తర్వాతది."

"మరి అచ్చం అదేనన్నారే!"

"మోడల్ అదే మేడమ్. పరికరం వేరు."

"అయితే నా పాతది నాకు తిరిగిచ్చేయ్. చచ్చిన బ్యాటరీతోనే వాడుకుంటాను."

"అది విడగొట్టడానికి వెళ్లిపోయింది మేడమ్. ఇంకేమైనా సాయం చేయగలనా?"

ఇంకేమైనా అంటాడు! ఏదో ఒక సాయం చేసినట్టు! ఆర్వో, ముప్పై ఏళ్లు మంచులో పిల్లల్ని మోశాను. నా బస్సుకి టైరు మార్పిద్దామని షెడ్డుకి పంపితే బ్రేకులు పీకేసి, 'బస్సు అచ్చం అదే' అని తిరిగిచ్చినట్టుంది ఇది. కంపెనీలు కొట్టుకుంటే కొట్టుకోనీ. నా దగ్గర తీసుకునేముందు ఒక్కమాట చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?

నీ అక్క,
వెర్నా

డులూత్, మిన్నెసోటా
అక్టోబరు

ప్రియమైన వెర్నా,

నీ ఉత్తరం చదువుతుంటే కాఫీ చల్లారిపోయింది. మళ్లీ వెచ్చబెడదామంటే నీ ఉత్తరమే చాలేట్టు ఉంది, అంత వేడి మీద రాశావు.

నీ కోపం న్యాయమే. నా దగ్గరా ఆ వాచీయే ఉంది, మా అల్లుడు కొనిచ్చాడు. నాదింకా పాతదే, ఆక్సిజన్ చూపిస్తూనే ఉంది. బ్యాటరీ మాత్రం నీదానిలాగే ఊపిరి బిగబట్టుకుని నడుస్తోంది. నీ కథ విన్నాక ఇక దాన్ని ఆ దుకాణం ఉన్న వీధిలోకి కూడా తీసుకెళ్లను.

ఒక్క సంగతి మాత్రం నాకర్థం కాలేదు. మందుల షాపులో వేలికి తగిలించుకునే ఆక్సీమీటర్లు అమ్ముతారు కదా. కరోనా రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండేది. అది ఇంతకంటే సరిగ్గా చెబుతుంది కూడా. ఒకటి కొనుక్కుని హాయిగా ఉండక ఆ డెరిక్ గాడితో నీకెందుకు?

మోకాలు అలాగే ఉంది. ఎలోయ్‌ని అడిగానని చెప్పు. ఈసారి వచ్చేటప్పుడు పొగబెట్టిన చేపలు తెస్తాను. అతని పచ్చిమిరపకాయల కూరలో వేసి పాడుచేయొద్దని చెప్పు.

ఆర్వో

లెడ్‌విల్
నవంబరు

ప్రియమైన ఆర్వో,

వేలికి తగిలించుకునేది నాకొద్దు. దాని గురించి మళ్లీ రాయకు.

ఇక్కడ యుద్ధం సాగుతోంది. మళ్లీ డెన్వర్ వెళ్లాను. బ్రిన్లీ నన్ను చూడగానే లోపలికి పోయి మేనేజర్‌ని పంపింది. ఆయన నాకంటే మర్యాదస్తుడు, అదే వచ్చిన చిక్కు. నేను గొంతు పెంచినకొద్దీ ఆయన గొంతు తగ్గిస్తాడు. చివరికి నా అరుపు ఒక్కటే గదిలో మిగిలింది. చుట్టూ అందరూ నా వైపు చూడటం మొదలుపెట్టారు.

"మీ బాధ నాకర్థమైంది" అన్నాడు.

"అర్థమైతే నా పాత వాచీ తెచ్చివ్వు."

"అది సాధ్యపడదు మేడమ్."

"ఆ పిల్ల నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఆమెకి తెలిసుండకపోవచ్చు."

"అమ్మేవాళ్లకే తెలియనిది నాకెలా తెలుస్తుందయ్యా?"

"మా షరతుల్లో రాసి ఉంటుంది మేడమ్. మీరు 'అంగీకరిస్తున్నాను' అని నొక్కారు."

నిజమే, నొక్కాను. ఆ మెరిసే పలక మీద వేలుపెట్టి నొక్కితే గాని అవతల పేజీ రాదు. బస్సు ఎక్కే పిల్లని తలుపు దగ్గర ఆపి, 'నేను నిన్ను ఎక్కడ దించినా ఒప్పుకుంటున్నాను' అని సంతకం పెట్టించుకున్నట్టు.

ఇంటికొచ్చేసరికి కంపెనీ నుంచి సందేశం వచ్చి ఉంది. మా సేవ ఎలా ఉంది, ఎన్ని నక్షత్రాలు ఇస్తారు, అని. కింద ఖాళీ జాగా ఇచ్చారు. అది నిండిపోయేదాకా రాశాను. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని ఒక యంత్రం జవాబిచ్చింది.

చిన్న దావాల కోర్టులో కేసు వేస్తున్నాను. ఇక్కడే, మా కౌంటీలోనే. లాయరు అక్కర్లేదట. నోరుంటే చాలట.

వెర్నా

డులూత్
నవంబరు చివర

వెర్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీకు నోరుందని నాకు ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ తెలుసు. కోర్టుకి తెలియాల్సిన అవసరం కూడా ఉందేమో, నాకభ్యంతరం లేదు.

కానీ నేనడిగినదానికి జవాబు చెప్పలేదు. 'మళ్లీ రాయకు' అని కసిరావు. నువ్వు కసిరావంటే దాని వెనక ఏదో ఉంటుంది. నాన్న చనిపోయిన ఏడాది నన్ను ఇలాగే కసిరి కసిరి, చివరికి ఆయనకి ఏం జబ్బో నాకు చెప్పావు.

నీకు ఒంట్లో బాగాలేదా? ఊపిరి ఆడటం లేదా? పదివేల అడుగుల ఎత్తున ఆ గాలి లేని కొండమీద కూర్చుని, ఒక్క ఆక్సిజన్ పేజీ కోసం కోర్టుకెక్కే మనిషికి బాగానే ఉందంటే నేను నమ్మను. ఓడల ఇంజన్ గదుల్లో నా చెవులు పోయాయి గాని బుర్ర పోలేదు. ఉన్నదున్నట్టు రాయి. లేదంటే మోకాలు పక్కనబెట్టి బండి వేసుకుని వచ్చేస్తాను. దారంతా మంచు. ఏమైనా అయితే ఆ పాపం నీదే.

ఆర్వో

లెడ్‌విల్
డిసెంబరు

ప్రియమైన ఆర్వో,

రావద్దు. రాస్తాను. ఎలోయ్ కట్టెలు తెచ్చేందుకు వెళ్లాడు. అతనొచ్చేలోపు పూర్తిచేయాలి.

నాకేం జబ్బు లేదు. ఆ వాచీ నా చేతికి లేదు. ఏడాదికి పైగా ఎలోయ్ చేతికుంది.

గనిలో అన్నేళ్లు రాతిదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు. మూడేళ్ల క్రితం డాక్టరు అతనితో, "ఆక్సిజన్ పెట్టుకోవాలి, లేదా కిందికి దిగి బతకాలి" అంది. ఎలోయ్ టోపీ పెట్టుకుని బయటికొచ్చేశాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. వాళ్లన్న ఫిడెల్‌కి కూడా ఇదే మాట చెప్పారు. ఆయన విని, ఇల్లమ్ముకుని ప్యూబ్లోలో ఒక అపార్ట్‌మెంట్‌లోకి దిగాడు. ముక్కుకి గొట్టం, కిటికీలోంచి చూస్తే పార్కింగ్ స్థలం. ఆ చలికాలం దాటలేదు. "ఫిడెల్‌ని చంపింది దుమ్ము కాదు, ఆ మిషను మీద అంకె" అంటాడు ఎలోయ్. "రోజూ ఆ అంకె చూసుకుని చూసుకుని పోయాడు. నాకు అంకెలొద్దు." నేను వేలికి పెట్టేది ఒకటి కొని తెస్తే విసిరికొట్టాడు, అది పెరట్లో మంచులో ఎక్కడో ఉంది. ఇప్పుడర్థమైందా నీ ఆక్సీమీటరు నాకెందుకు వద్దో?

అందుకని ఉపాయం చేశాను. "నా చేతికి ఈ వాచీ దురద పెడుతోంది, నువ్వు పెట్టుకో, ఫుట్‌బాల్ స్కోర్లు కూడా చూపిస్తుంది" అన్నాను. అది నా ఫోన్‌తోనే జతై ఉంది. ఆక్సిజన్ గుర్తు అతనికి కనపడకుండా లోపలికి తోసేశాను. అతను పడుకుంటే వాచీ కొలిచేది, పొద్దున స్నానాల గదిలో తలుపేసుకుని నేను చూసేదాన్ని.

చుక్కలు బాగుంటే టోర్టియా రొట్టెలు చేసేదాన్ని. ఎనభైల్లోకి దిగితే ఏదో ఒక వంక పెట్టి అతన్ని కిందికి దించేదాన్ని. కింద సలైడా ఊళ్లో టైర్లు చవక అనేదాన్ని. నడుం నొప్పి, వేడినీళ్ల కుంటకెళ్దాం అనేదాన్ని. అక్కడ రెండు రాత్రులుంటే అతని పెదాల రంగు తిరిగేది. "నీకీమధ్య తిరుగుళ్లు ఎక్కువయ్యాయే ముసలీ" అనేవాడు, అయినా వచ్చేవాడు. అలా ఒక చలికాలం ఈదుకొచ్చాం, ఆర్వో.

ఇప్పుడు నాకేం కనపడటం లేదు. రాత్రుళ్లు వాచీ కింద ఎర్రలైటు వెలిగేది, అది నాడి కోసం అని చెప్పాను. కొత్తది వచ్చాక ఎలోయ్, "ఆ లైటు బాధ వదిలింది, కంపెనీవాళ్లు మంచివాళ్లే" అన్నాడు. మంచివాళ్లే! నాకు నవ్వాలో ఏడవాలో తెలియక గిన్నెలు తోమాను. మొన్నొకరోజు మెట్లెక్కి కూర్చుండిపోయాడు. కిందికి తీసుకెళ్లాలా వద్దా? ఊరికే అలసటా? నాకు తెలియదు. వాళ్లు నా దగ్గర తీసుకున్నది ఒక పేజీ కాదు. నా కళ్లు.

బండి చప్పుడవుతోంది. ఇది ఎవరికీ చెప్పకు.

వెర్నా

డులూత్
డిసెంబరు

వెర్నా,

నువ్వు చేసింది తప్పో ఒప్పో నేను చెప్పను. నేనైతే ఏం చేసేవాణ్నో కూడా తెలియదు.

నా వాచీ పంపిస్తున్నాను. పాతదే, కొలుస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉంది గాని సాయంత్రం చార్జి పెట్టి పడుకునేముందు తగిలిస్తే తెల్లారేదాకా నిలబడుతుంది. నాకు దాంతో పనిలేదు, ఊరికే చేతికి ఉంటోంది. చూడ్డానికి రెండూ ఒకటే. ఎలోయ్‌కి తేడా తెలియదు. ఆ కంపెనీ మనకి చేసిందే మనం ఎలోయ్‌కి చేస్తున్నాం అనుకో. అచ్చం అదే వాచీ!

పండక్కి కూడా అదే కానుక అనుకోండి ఇద్దరూ.

ఆర్వో

డులూత్
జనవరి

వెర్నా,

నువ్వు ఫోన్ తీయడం లేదు. తీసినా నాకు వినపడదు. కాబట్టి రాస్తున్నాను. జరిగింది ఇది.

ఫోన్ మోగింది. తెర మీద నీ పేరు కనపడింది. నువ్వే అనుకున్నాను. నాకు అవతలి మాట ఎలాగూ సరిగ్గా వినపడదు కదా, అలవాటు ప్రకారం ముందు నేనే అరిచాను. "అందిందా? రాత్రి తగిలించావా? ఆక్సిజన్ చూపిస్తోందా? ఎలోయ్‌కి అనుమానం రాలేదుగా?" అని.

నేను ఇంకా గట్టిగా, "ఎలోయ్‌కి తెలియకుండా మార్చావా అంటున్నా!" అని అరిచాను.

అప్పుడు వినపడింది. అంత నెమ్మదిగా అన్న మాట నాకెలా వినపడిందో దేవుడికే తెలియాలి. "ఎలోయ్‌నే మాట్లాడుతున్నా, బావమరిదీ. పోస్టాఫీసులో నీ పార్సిల్ నేనే తీసుకున్నా. వాచీ బాగుంది, థాంక్స్ చెబుదామని చేశా" అన్నాడు. పెట్టేశాడు.

ఇక్కడ సరస్సు గడ్డకట్టింది. దూకుదామన్నా నీళ్లు దొరకవు. ఎంత తిడతావో తిట్టు.

ఆర్వో

లెడ్‌విల్
ఫిబ్రవరి

ఆర్వో కంగాస్ గారికి,

తిట్టడానికి చాలా రోజులు ఓపిక పట్టాను, మాటలు కుదరక. ఇప్పటికీ కుదరలేదు. మీరు చెవిటివారు కావడం నా దురదృష్టం అనుకునేదాన్ని. మీ నోరు పనిచేయడం అంతకంటే పెద్ద దురదృష్టం.

ఆ రోజు ఎలోయ్, నేను ఇంట్లో మరిచిపోయిన నా ఫోన్ బల్లమీద పెట్టి రెండు వాచీలూ దాని పక్కన పెట్టాడు. నేను సరుకులతో లోపలికి వచ్చాను.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

చెప్పాను.

"టైర్లు?"

"అవును."

"నడుం నొప్పి?"

"అది కొంచెం నిజం."

"ఆ కంపెనీవాడు నీకొక్క మాట చెప్పకుండా వాచీలోది ఏదో తీసేసుకున్నాడని ఊరంతా తిరిగి తిట్టావు. బేకరీలో తిట్టావు, చర్చిలో తిట్టావు. నేను ప్రతిసారీ నీ పక్కన నిలబడి తలూపాను. మరి నువ్వు నాకొక్క మాట చెప్పకుండా నా ఊపిరి తీసుకెళ్లి ఫోన్‌లో పెట్టుకున్నావే? నాకు ఆ అంకె వద్దన్నానా లేదా?"

"వద్దన్నావు. వద్దని చచ్చిపోతానంటే చూస్తూ కూర్చోమంటావా?" అన్నాను. నాకూ కోపం వచ్చింది ఆర్వో. ఇప్పటికీ తగ్గలేదు. "ఫిడెల్ పోయింది నీ ఒక్కడికే కాదు. నాకూ బావగారే. నువ్వు పోతే మిగిలేది నేను. దాని గురించి నన్నొక్క మాట అడిగావా?" అన్నాను.

అతను లేచి పైకి వెళ్లాడు. మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగాడు. అప్పటినుంచి వంట ఎవరిది వారిదే. అతను పొయ్యి మీద బీన్స్ పెట్టుకుంటాడు, నేను రొట్టె కాల్చుకుంటాను. "ఉప్పు" అంటే "అక్కడుంది." అదీ మా సంభాషణ. వాచీ లేదు, మాట లేదు, సలైడా లేదు. పక్కగదిలో దగ్గు వినిపిస్తే గోడకి చెవి పెట్టుకుని పడుకుంటున్నాను.

కేసు తేదీ వచ్చింది. కంపెనీవాళ్లు ముందుగానే ఒక మనిషితో కబురంపారు. కేసు మానుకుంటే కొత్త వాచీ, పైన మంచి సొమ్ము కూడా ఇస్తారట. షరతు ఒక్కటే, ఈ సంగతి ఎక్కడా మాట్లాడకూడదట. "అచ్చం అదే" అని నోటితో అబద్ధం చెప్పి, ఇప్పుడు నా నోరు కొంటారట! పెట్టనన్నాను సంతకం.

మీ వాచీ తిరిగి పంపిస్తున్నాను. మీ అమ్మాయి కైసా ఫోన్ చేసింది. గుండె లయ తప్పుతోందని మీ డాక్టరు దాన్ని రాత్రీ పగలూ చేతికి ఉంచుకోమన్నాడట కదా. 'నాకు దాంతో పనిలేదు' అని రాశారు మీరు! మా ఇంట్లో దొంగతనంగా కొలిచేవాళ్లు ఒకరు. మీ ఇంట్లో దొంగతనంగా కొలత మానేసేవారు ఒకరు. కంగాస్‌ల రక్తమే ఇంత.

వెర్నా ఆర్చులేటా

డులూత్
ఫిబ్రవరి

వెర్నా,

వాచీ అందింది. చేతికి పెట్టుకున్నాను. కైసా ఎదురుగా నిలబడి పెట్టించింది.

అవును, దాచాను. నువ్వు ఎలోయ్ గురించి రాసింది చదివాక నా గుండె సంగతి చిన్నదనిపించింది. చెబితే నువ్వు వాచీ తీసుకోవని తెలుసు.

ఒక్కటి చెబుతాను, ఆ తర్వాత నోరు మూసుకుంటాను. ఆ కేసు వదిలెయ్. జడ్జి నిన్ను "నీకేం నష్టం జరిగింది" అని అడుగుతారు. అప్పుడు ఎలోయ్ సంగతి నలుగురిలో చెప్పాల్సి వస్తుంది. ఆ మనిషి ఇంట్లోనే నీతో మాట్లాడటం లేదు. ఊరందరి ముందు అతని ఊపిరి గురించి మాట్లాడితే ఇక జన్మలో మాట్లాడడు.

ఆర్వో

లెడ్‌విల్
మార్చి

ప్రియమైన ఆర్వో,

నువ్వన్నట్టే జరిగింది, నువ్వన్నట్టు జరగలేదు. కూర్చుని చదువు.

కోర్టు గది చిన్నది. జడ్జి హోల్‌కోంబ్ ముందుగానే చెప్పేసింది: "నేను స్కూలుకెళ్లింది మిసెస్ ఆర్చులేటా బస్సులోనే. కంపెనీవారికి అభ్యంతరమైతే వేరే జడ్జిని అడగొచ్చు." కంపెనీ తరఫున డెన్వర్ నుంచి వైట్‌సైడ్ అనే ఆయన వచ్చాడు. మంచుకి పనికిరాని బూట్లు వేసుకొచ్చి సాక్సులు తడిపేసుకున్నాడు. "అభ్యంతరం లేదు" అన్నాడు. "బస్సులోంచి ఈవిడ నన్ను రెండుసార్లు దింపేసింది కూడా" అంది జడ్జి. అతను కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు.

నేను చెప్పాల్సింది చెప్పాను. బ్రిన్లీ మాట, డెరిక్ మాట, మేనేజర్ మాట. గొంతు పెంచలేదు. నువ్వు నమ్మవు గాని పెంచలేదు.

వైట్‌సైడ్ లేచాడు. షరతుల్లో సౌకర్యాలు మారొచ్చని ఉందన్నాడు. అది వైద్య పరికరం కాదని కూడా ఉందన్నాడు. "కాబట్టి ఈవిడకి జరిగిన నష్టమేమిటో మాకు తెలియడం లేదు" అన్నాడు.

జడ్జి నా వైపు తిరిగింది. "మీరు పోగొట్టుకున్నదేమిటి, మిసెస్ ఆర్చులేటా?"

నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, కొండలెక్కుతాను, నాకే కావాలి అని. కానీ చెయ్యెత్తి ప్రమాణం చేసి ఉన్నాను. "అది నా భర్త చేతికి ఉండేది. ఆయన ఊపిరి చూసుకునేదాన్ని" అన్నాను.

"ఆయనకి తెలుసా?" అన్నాడు వైట్‌సైడ్.

"అప్పట్లో తెలియదు."

"అంటే, మా కంపెనీ చెప్పకుండా చేసిందని మా మీద కేసు. మీరు మాత్రం చెప్పకుండా చేశారు."

ముప్పై ఏళ్లు బస్సు నడిపాను ఆర్వో, ఏ పిల్లవాడూ నన్నలా నోరు మూయించలేదు.

వెనక బెంచీ కిర్రుమంది. తిరిగి చూస్తే ఎలోయ్. ఎప్పుడొచ్చాడో తెలియదు. టోపీ చేతిలో పట్టుకుని, ముందు బెంచీ వీపు ఆసరాగా నిలబడ్డాడు.

"అమ్మా, నేను మాట్లాడొచ్చా?" అన్నాడు. జడ్జి ప్రమాణం చేయించింది. అతను ఒక్కో మాటకీ ఆగుతూ చెప్పాడు. అందరూ ఆ ఆగడాన్ని కూడా విన్నారు.

"ఈయన పోయిందేమిటని అడుగుతున్నాడు. పోయింది నాది. గనిలో పనిచేశాను. నా ఊపిరి ఎంతుందో చూడొద్దని మా ఆవిడకి చెప్పాను. ఆవిడ విన్లేదు. నన్నడక్కుండా చూసింది. అది తప్పే. దాని మీద మా ఇంట్లో గొడవ జరుగుతోంది, ఇంకా అవలేదు. ఈయన అందులో తలదూర్చక్కర్లేదు."

ఊపిరి తీసుకున్నాడు.

"ఆవిడ అడక్కుండా చూసింది నేను బతకాలని. మీరు అడక్కుండా తీసేసింది ఎందుకయ్యా? ఆవిడ మీ దుకాణంలో నిలబడి అడిగింది కదా, ఇందులో ఉన్నవన్నీ అందులో ఉంటాయా అని. మా ఇద్దర్నీ ఒక గాటన కట్టకు. మా గొడవ మా వంటింట్లోది. నీ గొడవ ఇక్కడిది. జవాబు చెప్పు."

వైట్‌సైడ్ కాగితాలు సర్దుకున్నాడు. షరతుల్లో ఉంది అని మళ్లీ అన్నాడు, ఈసారి కొంచెం చిన్నగా.

తీర్పు పెద్దదేం కాదు. కంపెనీల తగాదా తన చేతిలో లేదనీ, పోయిన సౌకర్యం తిరిగి పెట్టించలేననీ చెప్పింది జడ్జి. కానీ దుకాణంలో మనిషి "అచ్చం ఇదే" అని నోటితో చెప్పాక, షరతుల కాగితం చాటున దాక్కోవడానికి వీల్లేదంది. మార్పిడికి నేను కట్టింది తిరిగి ఇచ్చేయమంది. వాళ్లు నోరు మూసుకోమని ఇస్తామన్నదాంట్లో ఇది ఏ మూలకీ రాదు. నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతోంది. కంపెనీలో ఒక్కరు కూడా 'పొరపాటైంది' అనలేదు. వైట్‌సైడ్ వెళ్తూ నా చేతిలో కార్డు పెట్టాడు. వెనక్కిచ్చేశాను. నోరు మాత్రం నాదగ్గరే ఉంది. ఈ కథ రేపు చర్చిలో చెబుతాను, ఎల్లుండి బేకరీలో చెబుతాను. దినపత్రిక అమ్మాయి కూడా అడిగింది. కానీ అందులో ఎలోయ్ వాటా చెప్పాలంటే ముందు అతన్నడగాలి. అడుగుతాను.

బయటికొచ్చాం. ఎలోయ్ బండి తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. నేనేం అనలేదు. ఎంత కష్టమైందో నీకు తెలుసు.

"క్లినిక్‌కి పోనీ" అన్నాడు.

పోనిచ్చాను. అక్కడ దిగేటప్పుడు, "నువ్విక్కడే ఉండు" అన్నాడు. ఉన్నాను. ఇంజన్ ఆపి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆ గోడ అవతల అతని వేలికి ఏదో తగిలిస్తున్నారని తెలుసు. దిగి పరిగెత్తి ఆ అంకె చూడాలని కాళ్లు లాగాయి. దిగలేదు.

చాలాసేపటికి వచ్చాడు. భుజానికి ఒక చిన్న సిలిండరు, దాని గొట్టం చొక్కా జేబులో కుక్కి ఉంది. ఎక్కి కూర్చుని తలుపేసుకున్నాడు.

"సలైడాలో ఏదో ఇల్లు చూద్దామన్నావు ఒకసారి" అన్నాడు. "చూడ్డానికే. తీసుకుంటానన్లేదు."

"సరే."

"పార్కింగ్ స్థలం కనపడే కిటికీ అయితే దిగి వచ్చేస్తా."

"సరే అన్నాగా."

అప్పుడు నావైపు తిరిగి ఆ అంకె తనే నోటితో చెప్పాడు. నేను అడగలేదు. విని, అతని చేతిమీద చెయ్యి వేశాను. తీయలేదు. ఇద్దరం ముందున్న కొండని చూస్తూ కూర్చున్నాం.

బండి తీస్తుంటే, "అది ఆర్వోకి రాయొద్దు" అన్నాడు.

రాయడం లేదు.

నీ అక్క,
వెర్నా